ఎంగిలి ఆకు

నాకు ఎంగిలంటే అసహ్యం. మన్యంలో ఈ ముంచింగిపుట్టులో కొట్టు పెట్టి ఏళ్లయినా సంతలో గ్లాసు పట్టుకుని టీ తాగింది లేదు. రాత్రుళ్లు చుక్కలు చూసే నా టెలిస్కోపులో ఎవరు చూసినా, ఐపీసు అద్దం తుడవందే నేను కన్ను పెట్టను. మా భవాని చూసినా అంతే. తల్లి లేని పిల్ల, నాకున్నది అదొక్కతే. "నా కన్ను కూడా ఎంగిలేనా నాన్నా?" అని ఆటపట్టిస్తుంది.

నవంబరు నెల, అప్పుడే చీకటి పడింది. పెరటి గోతిలో కాఫీ పళ్ల తొక్క కుళ్లి పుల్లటి కంపు కొడుతోంది. నేను టెలిస్కోపు పెట్టే చోటే మేం అద్దెకుండే ఇంటాయన సుక్రు ఆకులో కొత్త సామల అన్నం పెట్టాడు.

"ఆకు కదపకు బాబూ. మా పెద్దోలు వచ్చి తింతారు. తిన్నప్పుడు ఎవులూ సూడకూడదు," అని వెనక్కి తిరగకుండా వెళ్లిపోయాడు.

చచ్చినవాళ్ల ఎంగిలి పక్కన నిలబడాలా? కర్రతో ఆ ఆకును గోతిలోకి తోసేశాను.

ఆ పూట భవానికి గ్రహ నీహారిక చూపిస్తానన్నాను. చచ్చిపోతున్న నక్షత్రం వదిలిన పొగ అది. తిన్నగా చూస్తే మాయమవుతుంది. చూపు కాస్త పక్కకు తిప్పితే పచ్చగా ఉబ్బి కనిపిస్తుంది.

"పక్కకు చూడమ్మా," అని నేనే నేర్పాను.

పిల్ల కన్ను పెట్టింది. చూపు పక్కకు తిప్పింది.

"కనిపించిందా?"

"ఊఁ... ముసలాయన. గోతిలో కూర్చుని తొక్కలు నాకుతున్నాడు." గొంతు తగ్గించింది. "తిన్నగా చూస్తే లేడు నాన్నా."

గోతిలోంచి చప్పరింపు... పళ్లు తోమని నోటి వాసన... పిల్లను పక్కకు లాగాను. తుడవకుండానే ఐపీసుకు కన్ను ఆనించాను.

వెచ్చగా ఉంది. జిగటగా ఉంది. మెత్తటిదేదో నా కనుగుడ్డును నాకింది.

అక్కడే కక్కుకున్నాను.

సుక్రు దీపం పట్టుకొచ్చి చూశాడు. "ఆకు ఏది బాబూ?" నేను గొయ్యి చూపించాను. ఇంకో ఆకు తెచ్చి పెట్టాడు. తెల్లారినా దాన్ని ఎవరూ ముట్టలేదు.

ఆ రోజు నుంచి భవాని అన్నం తినడం లేదు. ఎప్పుడూ ఏదో నములుతూనే ఉంటుంది. ఒళ్లు మాత్రం చేస్తోంది. డాక్టరు చూసి పిల్ల బాగానే ఉందన్నాడు.

నిన్న భోజనాల దగ్గర నోట్లోంచి ముద్ద తీసి నాకు అందించింది. నమిలిన సామల అన్నం. మా ఇంట్లో సామలు వండం.

"నీ వంతు నాన్నా. తాత మెత్తగా నమిలాడు."

మొహం పక్కకు తిప్పుకున్నాను.

చూపు పక్కకు పోయింది.

భవాని చుట్టూ కూర్చున్నది ఒక్కరు కాదు...