పీరా పాదం

ఘాట్ ఎక్కుతున్న గొలుసుబండ్లు రాతిగుమ్మం మలుపు దగ్గరికి వచ్చేసరికి, ఎవరో చెవి మెలిపెట్టినట్టు ఒక్కసారిగా నెమ్మదించాయి. అప్పటిదాకా ఒకదాని వెనక ఒకటి అతుక్కుని వస్తున్న లారీలు ఎడమెడంగా జరిగి నడకవేగానికి దిగాయి.

"ఊ, కదలండి! పెండ్లికూతురి నడకలు నడవొద్దు!" ఓబులమ్మ చేతికర్ర పైకెత్తి కేకేసింది.

బడిసంచుల పిల్లలు ముందు పరిగెత్తారు. వాళ్ల వెనక పాలక్యాన్లు, చింతపండు గంపలు, ముసలితల్లిని వీపున మోసుకుంటూ ఆసుపత్రికి బయల్దేరిన మద్దిలేటి. మనిషి అడ్డం రాగానే లారీలు బుద్ధిగా ఆగాయి. వాటిలో డ్రైవర్లు లేరు. అందరికన్నా చివర దాటిన ఓబులమ్మ, గేదెను అదిలించినట్టు ముందులారీ బంపరు మీద అరచేత్తో చరిచి "ఇంక పో" అంది. లారీ గుర్రుమని బలం తెచ్చుకుని, కాస్త నల్లగా ఊపిరి వదిలి, ఎగువకు సాగిపోయింది.

ఆ కాస్త నల్ల ఊపిరే ఇంజనీరు తన్మయిని ఇంత దూరం రప్పించింది. రోడ్డువారన జీపు ఆపుకుని ఆమె చేతిలోని పొగపటం చూస్తోంది. గాలిలో మసి ఎక్కడెంత ఉందో రంగుల్లో చూపే పలక అది. నల్లమల అంతా పచ్చగా ఉంది. ఈ ఒక్క మలుపు దగ్గర మాత్రం కురుపు లేచినట్టు ఎర్రటి మచ్చ.

కరెంటు బండ్లు ఊళ్లనూ పట్నాలనూ ఎప్పుడో ఆక్రమించాయి గానీ, ఓడరేవు నుంచి కొండల మీదుగా బరువులు లాగే పని మాత్రం డీజిల్‌ను వదల్లేదు. వదలనప్పుడు పొదుపుగానైనా తాగించాలి కదా! ఇంజన్‌లో మార్చగలిగినవన్నీ మార్చారు. డీజిల్‌ను మంచుకన్నా సన్నగా చిమ్మే చుక్కసూదులు పెట్టారు. పొగగొట్టాల్లో మసిజల్లెడలు బిగించారు. గాలి దెబ్బ తగలకుండా లారీలను గొలుసులా దగ్గర దగ్గరగా నడిపారు. అయినా ఒక లారీ పొదుపు ఇంకో లారీకి అబ్బలేదు. చివరికి తేలిందేమిటయ్యా అంటే, డీజిల్ తాగేది డ్రైవరు కుడికాలు. అది అనవసరంగా తొక్కినప్పుడల్లా ట్యాంకు ఖాళీ అవుతుంది, ఆకాశం నల్లబడుతుంది.

దాంతో దేశంలోకెల్లా మంచి కుడికాలు ఎవరిదా అని వెతికారు. నంద్యాల ఖాసింపీరా కాలు దొరికింది. అతను ఘాట్ ఎక్కి దిగుతుంటే ఆ పాదం ఎక్కడ నొక్కిందో, ఎక్కడ సడలిందో, వెంట్రుకవాసి తేడా లేకుండా రాసుకున్నారు. దాని పేరు పాదలిపి. దాన్నే లారీలన్నిటిలోనూ పెట్టి, డ్రైవర్లను ఇళ్లకు పంపేశారు. లారీల తలుపుల మీద 'పీరా పాదం' అని ముద్ర వేశారు. పీరా ఒక్కడికి మాత్రం పాదదాత అన్న బిరుదు దక్కింది. సభల్లో శాలువాలు కప్పుతారు. ఆ కుడికాలిని తమ పిల్లల నెత్తిన పెట్టించుకునే భక్తులు కూడా తయారయ్యారు, చోద్యం కాకపోతే!

అంత గొప్ప పాదలిపిలోనూ ఒక మచ్చ మిగిలింది. గుంతా లేదు, గతుకూ లేదు, మలుపు కూడా పెద్ద మలుపు కాదు. అయినా రాతిగుమ్మం దగ్గర ప్రతి లారీ కాలు తీసేస్తుంది. మళ్లీ ఎత్తు ఎక్కడానికి గట్టిగా తొక్కుతుంది. ఆ తొక్కుడుకు చుక్కసూదులూ మసిజల్లెడలూ చేతులెత్తేస్తాయి.

లారీలు నడిపే సంస్థకు అది మచ్చ. చింతమానుపల్లెకు అదే ప్రాణం. గొలుసుదారికి రెండువైపులా కంచె వేసినప్పుడు ఊరు పైన ఉండిపోయింది. బడి, ఆసుపత్రి, చింతతోపు కిందికి పోయాయి. పరుగులో ఉన్న గొలుసు మనిషిని చూసినా ఆగజాలదు. కాలు తీసే చోట మాత్రం ఆగుతుంది. అది కనిపెట్టి ఓబులమ్మ ముందుండి అక్కడ కంచె పీకించింది. దారి కింద సొరంగం తవ్విస్తామని సంస్థ ఏటా చెబుతూనే ఉంది. ఏటా వాన పడుతూనే ఉంది, ఎండ కాస్తూనే ఉంది.

"ఏం మేడమ్, నేనీడ కాలు తీస్తానా? ఎవురు చెప్పింది మీకు?" మచ్చ దిద్దించడానికి తన్మయి వెంటబెట్టుకొచ్చిన పీరా జీపు దిగుతూనే విరుచుకుపడ్డాడు. తెల్లగడ్డం, కొత్త చెప్పులు, ముక్కు మీద కోపం.

"చెప్పింది మీ పాదమే పీరా గారూ," అంది తన్మయి వినయంగా.

"అబద్ధం! ఎత్తు మీద కాలు తీసేటోడు డ్రైవరా? వాడు గొర్రెలు కాసుకోవల్ల! మీ మిషన్లే తప్పు రాసుకునింటాయి."

"అయితే మీరే నడిపి చూడండి. అసలు దిద్దుబాటుకు ముందు, సాధన కోసం."

ఘాట్ కింద నుంచి ఒక గొలుసుకు ముందు లారీలో పీరా, పక్కన తన్మయి ఎక్కారు. వెనక బండ్లు అతని కాలునే అనుసరిస్తాయి. పీరా మీసం దువ్వుకుని బయల్దేరాడు. నిజం చెప్పాలంటే ఆ ఎక్కుడు చూసి తీరాలి. ఇంజన్ ఎక్కడా కసరలేదు, ఎక్కడా నీరసించలేదు. రాతిగుమ్మం వచ్చింది. కుడికాలు లేచింది.

పీరా తన కాలు వంక, పరాయివాడి కాలును చూసినట్టు చూశాడు.

"చెప్పు జారింది," అన్నాడు.

రెండోసారి చెప్పులు విడిచి ఎక్కాడు. పళ్లు బిగించాడు. మోకాలి మీద చెయ్యి వేసి అదిమిపెట్టాడు. మలుపు వచ్చింది, కాలు మళ్లీ లేచింది. లారీ దిగి పీరా తన కుడితొడ మీద తనే రెండు దెబ్బలు వేసుకున్నాడు. "పరువు తీసినావు గదే! ఇంత వయసొచ్చినాక నా మాట ఇనవా నువ్వు?"

అప్పుడే ఓబులమ్మ కర్ర టకటకలాడించుకుంటూ వచ్చింది. "ఎవురది మా మలుపును మాయం చేయనీకి వచ్చినోళ్లు? ముందు నాతో మాట్లాడండి!"

ఆ గొంతు వినగానే పీరా కుడికాలు తనంతట తనే ఒక అడుగు వెనక్కి వేసింది.

ఇద్దరూ ఒకరినొకరు ఎగాదిగా చూసుకున్నారు.

"వార్నీ! నల్లపొగ సాయిబువా నువ్వు?" అంది ఓబులమ్మ.

"యా అల్లా... చింతపండు ఓబులమ్మ!" అన్నాడు పీరా. అతని చెయ్యి అప్రయత్నంగా చెంప తడుముకుంది.

తన్మయికి ఏమీ అర్థం కాలేదు. అడిగితే ఓబులమ్మే చెప్పింది. కంచెలు లేని రోజుల్లో ఆమె ఈ రోడ్డు అంచున చింతపండు ఆరబోసుకునేది. వయసులో ఉన్న పీరా పాతలారీ వేసుకుని ఎత్తు మీద ఎడాపెడా తొక్కుకుంటూ పోయేవాడు. ఒకరోజు ఆ పొగంతా చింతపండు మీద పడి బొగ్గులా అయింది. ఓబులమ్మ అడ్డంగా నిలబడి బండి ఆపింది. కిటికీలోంచి చెయ్యి పెట్టి ఆ మసి చింతపండు అతని మొహానికి పూసింది.

"అంతటితో ఊరకుందా?" పీరా అందుకున్నాడు. "నీ కాలు పడిపోనురా అని శపించినాది మేడమ్! నా కాలును! నాకింత బువ్వ పెట్టే కాలును! ఆ పొద్దు నుంచి ఈడికొచ్చేసరికి..." అని ఆగిపోయాడు. కాలు ఎందుకు లేస్తోందో అతనికీ అప్పుడే తెలిసింది.

తన్మయి నవ్వు ఆపుకోలేకపోయింది. "అంటే దేశంలోని లారీలన్నీ ఈవిడ నోటికి భయపడుతున్నాయా?"

"పడనీలేమ్మా. భయమనేది యాడో ఒకచోట ఉండల్ల," అంది ఓబులమ్మ.

కాని తన్మయి నవ్వు ఎంతోసేపు నిలవలేదు. ఆమె చెడ్డ మనిషి కాదు. పొగపటం తెచ్చి ఓబులమ్మ ముందు పెట్టింది. "చూడమ్మా, ఈ ఎరుపంతా మసి. ఇది పడేది మీ పిల్లల ఛాతీల్లోనే. ఇక్కడ కాలు తీయకుండా పోతే ఈ మచ్చ పోతుంది. మీ మంచి కోసమే చెబుతున్నాను."

"పొగ వద్దని మొదట కొట్లాడిందే నేను. నాకే చెప్తాండావా?" ఓబులమ్మకు నిజంగానే కోపం వచ్చింది. "పొగ తీసెయ్యి, దారి ఉంచు. ఎలుకలున్నాయని ఇంటికి నిప్పు పెట్టుకుంటామా? సొరంగం తవ్వినాక వచ్చి దిద్దుకోపో. ఎవురొద్దన్నారు?"

"సొరంగం మంజూరులో ఉందమ్మా."

"మంజూరులో పిల్లోళ్లు నడుస్తారా?"

తన్మయి చేతిలో ఉన్నది మచ్చ చెరిపి రమ్మన్న ఆజ్ఞ మాత్రమే. ఇంకోసారి సాధన చేద్దామని పీరాను పిలిచింది. కారణం తెలిసింది కాబట్టి ఇప్పుడు కాలు నిలుస్తుందేమోనని ఆమె ఆశ. పీరాకు పంతం పట్టుకుంది. ముసలిదాని నోటికి తన కాలు లొంగిపోయిందని ఊరంతా నవ్వుతుంటే ఎవడు ఊరుకుంటాడు?

ఈసారి కాలు నిలిచింది. మలుపు దగ్గర బొటనవేలు ఒక్కసారి వణికింది, అంతే. గొలుసు గొలుసంతా ఈలవేసుకుంటూ దూసుకుపోయింది. పొగపటంలో ఎరుపు పలచబడింది.

"గెలిచినా! సూసినావా మేడమ్, గెలిచినా!" పీరా స్టీరింగు మీద చరిచాడు. చరిచి, అద్దంలోకి చూశాడు.

అలవాటు కొద్దీ రోడ్డు మీదికి దిగబోయిన పిల్లలను ఓబులమ్మ జుట్టుపట్టి వెనక్కి లాగుతోంది. కింది అంచున మద్దిలేటి, వీపున తల్లితో, ఆసుపత్రి నుంచి తిరిగొచ్చి నిలబడిపోయాడు. ఇల్లు ఎదురుగానే కనిపిస్తోంది. మధ్యలో ఆగని లారీలు. తల్లి కాళ్లు వేలాడుతున్నాయి. గొలుసు వెళ్లేదాకా అతను ఆమెను దించలేదు. దించడానికి చోటు కూడా లేదు.

పీరా మళ్లీ గెలిచానని అనలేదు.

కిందికి దిగివచ్చాక తన్మయి నిబంధనలు చదివి వినిపించింది. "ఇది దిద్దుబాటు పరుగు పీరా గారూ. ఒకప్పుడు లెక్కలు కట్టి పాదలిపిని సవరించబోతే బండ్లు లోయలో పడ్డాయి. అందుకే దాత పాదమే దిద్దాలని చట్టం చేశారు. పరుగు మొదలయ్యాక ఘాట్ మీది బండ్లన్నీ మీరు ఎలా చేస్తే అలా చేస్తాయి. మీరు పైదాకా వెళ్లి ముగించేవరకు మధ్యలో వేలు పెట్టే హక్కు సంస్థకు లేదు, ప్రభుత్వానికీ లేదు."

"ఎవురికీ లేదా?"

"ఎవరికీ లేదు."

"మంచి చట్టం," అని పీరా లారీ ఎక్కాడు.

మూడుసార్లు ఎక్కిన దారే. అంతకన్నా అందంగా ఎక్కాడు. రాతిగుమ్మం దగ్గరికి రాగానే కుడికాలు తీశాడు. ఈసారి అది తనంతట తాను లేవలేదు, అతనే తీశాడు. తీసి, బ్రేకు తొక్కాడు. లారీ ఆగింది. చేతిబ్రేకు లాగి, ఇంజన్ ఆపేసి, తలుపు తీసుకుని కిందికి దిగాడు.

వెనకలారీ ఆగింది. దాని వెనకది ఆగింది. మలుపులు మలుపులుగా కిందిదాకా, ఎగువన శిఖరం దాకా, ఎక్కేవీ దిగేవీ అన్నీ ఆగి, ఒకదాని తర్వాత ఒకటి ఇంజన్లు ఆపుకున్నాయి. ఆ కొండల్లో అంత నిశ్శబ్దం ఎవరూ ఎరగరు. ఆగని గొలుసును చూశాక దాటడానికి జంకి కింది అంచునే ఉండిపోయిన మద్దిలేటి, తల్లిని మోసుకుంటూ నింపాదిగా దాటాడు. పిల్లలు దాటి, సరదా తీరక మళ్లీ వెనక్కి దాటారు.

పక్కసీటులోంచి తన్మయి పరుగున దిగింది. "పీరా గారూ, ఏం చేస్తున్నారు? ఓడరేవు నుంచి వచ్చే సరుకంతా ఆగిపోతుంది!"

"పొగ వద్దంటివి గదా. సూడు, యాడన్నా ఉందేమో."

ఆమె పొగపటం చూసింది. ఎర్రమచ్చ ఆమె కళ్లముందే కరిగి పచ్చబడుతోంది. కొలతలు మొదలైనప్పటి నుంచి రాతిగుమ్మం గాలి అంత శుభ్రంగా ఎన్నడూ లేదు.

"దయచేసి ఎక్కండి. ఇలా చేస్తే పాదదాత హోదా తీసేస్తారు. తలుపుల మీద మీ పేరు చెరిపేస్తారు."

"చెరుపుకోమను. పేరు తలుపు మీద ఉంటే నాకేం, లేకుంటే నాకేం? నా కాలు తీసుకున్నారు, సరే. మా డ్రైవర్లను ఇండ్లకు పంపినారు, నోరు మూసుకున్యా. ఇప్పుడు మనుసుల్ని దాటనీయొద్దని నా కాలుతోనే తొక్కిపిస్తారా? నేను తొక్కను!" అతను లారీ తలుపు ధడాలున మూశాడు. "సొరంగం తవ్వడం మొదలుపెట్టిన పొద్దు పిలువు. పరిగెత్తుకుంటా వచ్చి ఎక్కుతా."

లారీ మెట్టు మీద కూర్చుని చొక్కా గుండీలు విప్పి గాలి పోసుకున్నాడు. ఓబులమ్మ వచ్చి పక్కన కూర్చుంది. ఊళ్లో ఎవరో మజ్జిగ చెంబు పంపారు.

తన్మయి ఫోను మోగింది. పైఅధికారి.

"ఘాట్ మొత్తం నిలిచిపోయింది! లోపం ఎక్కడ? ఇంజనా? చుక్కసూదా? జల్లెడా?"

"లోపమేమీ లేదు సార్. బండి బాగానే ఉంది. మనిషే ఎక్కనంటున్నాడు."

అవతల కాగితాలు తిరగేసిన చప్పుడు. "ఆ లోపానికి సంకేతసంఖ్య ఎంత?"

"దానికి మనం సంఖ్య పెట్టుకోలేదు సార్."

"అయితే అతన్ని దించి ఇంకొకరిని ఎక్కించు!"

"ఆ చట్టం రాసింది మనమే సార్."

"మరి ఎప్పుడు ఎక్కుతాడట?"

తన్మయి ఆగిన లారీల వరుసను చూసింది. మద్దిలేటి ఇంటి గడప దగ్గర తల్లిని దించి నడుం సరిచేసుకుంటున్నాడు. ఆమెకు తన ఉద్యోగం గుర్తొచ్చింది, భయం కూడా వేసింది. అయినా, "మీరే అడగండి సార్," అని ఫోను ఓబులమ్మ చేతికిచ్చేసింది.

ఓబులమ్మ దాన్ని చెవికి ఆనించుకుని గొంతు సవరించుకుంది.

"ఆఁ, చెప్పు నాయనా. గడ్డపారలు ఎప్పుడు పంపిస్తాండావు?"