ఆ సంతకం నాదే

ఆరు కమానుల్లో అయిదు కూలాయి.

పెద్ద శబ్దం కూడా రాలేదు. కింద ఆనించిన సెంట్రింగు చెక్క లాగగానే నడిమి ఇటుకలు జారాయి, మిగతావి వాటి వెంట వచ్చాయి. అయిదుగురి పేర్ల పక్కన ‘తప్పారు’ అని రాశాను. తాపీపనివాళ్ళ సంఘం తరఫున పరీక్షకుడిగా నాకిది నాలుగో ఏడు. ఆ మాట ఇంత చేదుగా ఎప్పుడూ రాయలేదు.

అప్పుడు వచ్చింది, తీరా అనే ఆవిడ. ఆ శిక్షణ కాలేజీలో నిర్మాణ శాఖకు కొత్త అధిపతి, ఫిబ్రవరిలో చేరిందట. వానలో గొడుగు లేకుండా ఆవరణ దాటి వచ్చింది. తడిసిన జుట్టు బుగ్గలకు అంటుకుంది. చేతుల్లో రెండు కాఫీ కప్పులు.

“ఎస్బెన్ గారూ, అయిదుగురిని తప్పించడమేంటి? కాస్త జాలి లేదా మీకు?”

“జాలిపడితే కమాను నిలబడుతుందా?”

“సరే, ముందు కాఫీ తాగండి.”

“కాలేజీ వాళ్ళ కాఫీ తాగను. పరీక్షకుణ్ణి.”

ఆ నియమం ఎక్కడా రాసి లేదు. నాకంటే ముందు ఇదే పని చేసిన మా నాన్న పాటించాడు, నేనూ పాటిస్తున్నాను. ఒకడి కాఫీ తాగి, వాడి గోడ వంకరని చెప్పడం కష్టం అనేవాడు.

“అబ్బో. విషం కలపలేదులెండి,” అంటూ తీరా రెండు కప్పులూ తనే తాగేసింది, నా వైపే చూస్తూ. నాకు కోపం రావాలి. రాలేదు. అందుకు నా మీద నాకే కోపమొచ్చింది.

కూలిన ఇటుకల పక్కన రికె అనే అమ్మాయి కూర్చుని సున్నం గీకుతోంది. ఈ శిక్షణ కాలేజీల్లో సిమెంటు కలపరు. ఎంత బాగా కట్టినా చివరికి పడగొట్టి, గీకి, అవే ఇటుకలు మళ్ళీ వాడతారు.

“కమాను నీకెవరు నేర్పారమ్మా?”

“ఎవరూ నేర్పలేదు సార్. మా సారు నవంబరులో మానేశాడు. ఆ తర్వాత క్యాంటీన్లో కూర్చుని వీడియోలు చూడమన్నారు.”

నాకు ఒళ్ళు మండింది. కాలేజీ పంపిన కాగితం తీశాను. ‘కమాను పని, నలభై గంటలు, పూర్తయింది.’ కింద గుండ్రంగా, ముచ్చటగా ఒక సంతకం.

“ఇదెవరిది?”

తీరా ముఖం పాలిపోయింది. “నాదే. చేరిన మొదటి వారం ప్రిన్సిపాల్ హెన్నింగ్ గారు అరవై కాగితాలు ముందు పెట్టారు. చేసేశాను.”

“చదవకుండా?”

“చదవకుండానే.”

“బాగుంది. మీ సంతకం నిలబడింది, వీళ్ళ కమానులు కూలాయి.”

ఆమె వెళ్ళిపోయింది. అన్నందుకు నాకు బాధ లేదు. రాత్రి అన్నం దగ్గర ఆ తడి ముఖం గుర్తొచ్చినప్పుడు మాత్రం కంచం పక్కకు నెట్టేశాను.

మూడో రోజు పొద్దున్నే నేను తాపీ పని చేసే చోటికి వచ్చింది. ఎవరిదో వదులు దుస్తులు, పాంటు అంచులు నాలుగు మడతలు.

“నాకు కమాను నేర్పండి. గురువారం పరీక్షల కమిటీ ఉంది. పిల్లలు క్లాసులు ఎగ్గొట్టారు కాబట్టే తప్పారని హెన్నింగ్ గారు నివేదిక రాశారు. నన్నూ సంతకం పెట్టమన్నారు. ఈసారి చదివాను. వాళ్ళకి మేం ఏం ఎగ్గొట్టామో నా చేతులకి తెలియాలి.”

రోజూ పనివేళకు ముందే వచ్చేది. మొదటి కమాను ఆమె బూటు మీదే కూలింది.

“తాపీని గరిటెలా పట్టుకుంటే అంతే.”

“ఆడవాళ్ళతో మాట్లాడటం మీరు ఇటుకల బట్టీలో నేర్చుకున్నారా?”

ఫ్లాస్కు తెచ్చుకునేది. తను తాగి, మూత నిండా పోసి నా పక్కన పెట్టేది. ముట్టుకునేవాణ్ణి కాదు. నోరు మాత్రం ఊరేది. నాలుగో రోజు ఆమె కమాను నిలబడింది. ముక్కు మీద సున్నంతో ఆమె నవ్వుతుంటే, నేను తూకం గుండు వైపు అనవసరంగా చాలాసేపు చూశాను.

గురువారం కమిటీలో మేస్త్రీలు, పనివాళ్ళు, కాలేజీ వాళ్ళు చుట్టూ కూర్చున్నారు. హెన్నింగ్ చదివాడు: “గైర్హాజరు. ఆసక్తి లేకపోవడం.” చదువుతూనే దాల్చిన చెక్క రొట్టె కొరుకుతున్నాడు. నేను లేవబోయాను. తీరా అప్పటికే లేచింది.

“అది అబద్ధం. నాలుగు నెలలు పాఠం చెప్పేవాళ్ళే లేరు. చెప్పామని రాసిన కాగితం మీద సంతకం నాదే. తప్పారని రాయాల్సింది నా పేరు పక్కన. ఆ కాగితం తయారుచేయించింది హెన్నింగ్ గారు. అదీ రాసుకోండి.”

“తీరా, ఇలా మాట్లాడితే ఆ కుర్చీ నీకుండదు.”

“కుర్చీ పోతే పోనీండి. వాళ్ళ మూడున్నరేళ్ళ చదువు పోకూడదు.”

అధ్యక్షురాలు బోడిల్ కళ్ళద్దాలు తీసింది. ముప్ఫై ఏళ్ళుగా ఇళ్ళు కట్టిస్తున్న మనిషి. “హెన్నింగ్, నువ్వు రాతపూర్వకంగా సంజాయిషీ ఇవ్వాలి. పిల్లలకి ఆరు వారాల్లో మళ్ళీ పరీక్ష. సరే, నేర్పేదెవరు?”

నేను చెయ్యెత్తాను.

“నువ్వు పరీక్షకుడివి కదయ్యా.”

“ఇక కాదు. నేర్పినవాడే మార్కులు వెయ్యకూడదు. ఇంకొకర్ని చూసుకోండి.” మా నాన్నవి పంతొమ్మిదేళ్ళు, నావి నాలుగు. ఆ మాటతో అన్నీ వదిలేశాను. తీరా వైపు తిరిగాను. “ఫ్లాస్కులో ఏమన్నా మిగిలిందా?”

“ఇక్కడ కమిటీ నడుస్తోంది,” అంది బోడిల్.

ఆరు వారాల తర్వాత కొత్త పరీక్షకుడు చెక్కలు లాగాడు. అయిదు కమానులూ నిలబడ్డాయి. రికె తన కమానును కాసేపు చూసుకుని, తనే సుత్తి తీసుకుని పడగొట్టింది.

హెచ్చరిక లేఖ అందుకున్నా, కుర్చీ ఇంకా తీరాదే. కొత్త కాగితం ముందు పెట్టుకుని వరుస వరుసా చదివింది. బల్ల మీద కేకు ఎదురు చూస్తోంది, అందరూ ఎదురు చూస్తున్నారు.

“రికె, నీకు నలభై గంటలు నేర్పారా?”

“నలభై ఏడు మేడం. ఏడు గంటలు ఆయన మీ గురించే మాట్లాడాడు.”

అందరూ నా వైపు తిరిగారు. తీరా కలం ఆగింది.

“నిజమేనా?”

“నిజమే. కావాలంటే సంతకం చేస్తాను.”

ఆమె ‘నలభై’ పక్కన తన పేరు రాసి, కాఫీ కప్పు నా చేతిలో పెట్టింది.

“వినకుండా ఏదీ ఒప్పుకోను ఇప్పుడు. కూర్చో. ఆ ఏడు గంటలూ మొదట్నించి చెప్పు.”