మబ్బును చంపిందెవరు?

శంషాబాద్ బస్టాండు దగ్గర టైర్ల దుకాణం పైన రెండు గదుల ఆఫీసు ఆఫియాది. ముందు గదిలో ఆమె బల్ల, వెనక గదిలో సహాయకుడు రాఘవేందర్. ఎయిర్‌పోర్టులో ఏళ్ల తరబడి ప్రయాణికుల సామాను తనిఖీ చేసిన మనిషి ఆ ఉద్యోగం మాని ప్రైవేటు డిటెక్టివ్ బోర్డు పెట్టుకుంటే నవ్వినవాళ్లు నవ్వారు. రాఘవేందర్ నవ్వలేదు. మనుషులు దాచేవాటిని పోలీసులు వెతుకుతారనీ, దాచాలన్న ఆలోచన కూడా రానివాటిని మా మేడం చూస్తుందనీ అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ చెబుతుంటాడు.

ఆ పొద్దున మెట్లెక్కి వచ్చిన శివమ్మ కుర్చీ చూపించినా కూర్చోలేదు. గోడకు ఆనుకుని నిలబడి, "నేను పిల్లిని సంపలే మేడం," అంది.

రాఘవేందర్ మంచినీళ్లిచ్చాక విషయం మెల్లగా బయటికొచ్చింది. శివమ్మది మహేశ్వరం దగ్గర పల్లె. భర్త పోయాక ఎయిర్‌పోర్టు దారిలో ఉన్న గేటెడ్ కాలనీలో అయిదిళ్లలో పనిచేస్తూ కూతుర్ని నర్సింగు చదివిస్తోంది. ఆ అయిదిళ్లలో మొదటిది ఉదయభాస్కర్ గారిది. ఆయన భీమవరం నుంచి వచ్చి స్థిరపడ్డ మనిషి, ఎయిర్‌పోర్టులో ఒక కార్గో కంపెనీ సూపర్‌వైజరు. భార్య శాంతకుమారి బ్యాంకు ఉద్యోగి. ఒక్కతే కూతురు కీర్తన, డిగ్రీ చదువుతోంది. రెండు నెలల కిందట ఆ ఇంటికి బూడిదరంగు పర్షియన్ పిల్లి వచ్చింది. కీర్తన దానికి మబ్బు అని పేరు పెట్టుకుంది. సోమవారం అది చచ్చిపోయింది. శివమ్మే ఎలుకల మందు పెట్టిందని ఉదయభాస్కర్ కాలనీ అసోసియేషన్‌కు చెప్పాడు. వాళ్లు ఆమె గేటు కార్డు లాక్కున్నారు. ఈ మనిషితో జాగ్రత్త అని ఆమె ఫొటో కాలనీ వాట్సాప్ గ్రూపులో పెట్టారు. మిగతా నాలుగిళ్లవాళ్లూ రావద్దన్నారు.

"ఇంకో కాలనీల పని ఎతుక్కుందమంటే, ఆ ఫొటో చూసినంక ఎవరు ఇంట్లకు రానిస్తరు? దొంగ అన్నా గింత బాధ లేకపోవు. నోరులేని జీవిని సంపినదాన్నని అంటున్నరు," అంది శివమ్మ.

"ఆ పిల్లి మీద ఎప్పుడన్నా కోపమొచ్చి ఏమన్నా అన్నవా?" అని అడిగింది ఆఫియా.

శివమ్మ తల దించుకుంది. "అన్న మేడం. సోఫా మీద బొచ్చు ఊడ్వలేక, ఈ పీడ ఎప్పుడు పోతదో అన్న. శాంతమ్మగారు విన్నరు."

తనకు చెరుపు చేసే మాటను తానే చెప్పిన మనిషిని నమ్మొచ్చని ఆఫియాకు అనిపించింది. కేసు తీసుకుంది.

ఉదయభాస్కర్ వాళ్లను మర్యాదగానే లోపలికి పిలిచాడు. నిద్రలేక ఆయన కళ్లు వాచి ఉన్నాయి. నైట్ డ్యూటీ ముగించుకుని సోమవారం పొద్దున ఇంటికొచ్చాననీ, అప్పటికే భార్య, కూతురు బయల్దేరే హడావిడిలో ఉన్నారనీ, వాళ్లు వెళ్లాక గది తలుపేసుకుని పడుకున్నాననీ చెప్పాడు. ఆయన పడుకున్నాక పనికొచ్చిన శివమ్మ మధ్యాహ్నం కాకముందే గది తలుపు బాదింది. మబ్బు మొహం వాచిపోయి వాషింగ్ మెషిన్ పక్కన పడి ఉంది. అత్తాపూర్‌లో పశువుల ఆసుపత్రికి తీసుకెళ్లారు. సాయంత్రానికి ప్రాణం పోయింది.

"ఎలుకల మందు ఎక్కడుందో ఆమెకు తెలుసు. ఆ పూట ఇంట్లో మెలకువగా ఉన్నది ఆమె ఒక్కర్తే. పిల్లి అంటే ఆమెకు పడదు. ఇంకా ఏం రుజువు కావాలండీ?" అన్నాడాయన.

తండ్రికి మొదట్లో పిల్లి తేవడమే ఇష్టం లేదని కీర్తన చెప్పింది. ఎంత బతిమాలినా వద్దన్న మనిషి కూతురి పుట్టినరోజుకు తనే వెళ్లి తెచ్చాడట. తెచ్చాడే గానీ ఒక్కసారైనా ఒళ్లోకి తీసుకున్న పాపాన పోలేదని శాంతకుమారి అంది. కుర్చీ వెనక వేలాడుతున్న ఆయన డ్యూటీ ప్యాంటు మీదికి ఆఫియా చూపు పోయింది. ముదురు నీలం గుడ్డ మీద, మోకాళ్ల పైభాగమంతా బూడిదరంగు వెంట్రుకలు అంటుకుని ఉన్నాయి.

వంటింట్లో సింకు కింద ఎలుకల మందు పెట్టె ఉంది. అందులోంచి తీసింది ఒక్క బిళ్ల. ఆ బిళ్ల ఫ్రిజ్ వెనక పెట్టినచోటే, కొరకకుండా, దుమ్ము పట్టి ఉంది. తరవాత ఆఫియా మబ్బు పడుకునే బుట్టలోని మెత్తటి గుడ్డ తీసి వాసన చూసి రాఘవేందర్‌కు అందించింది. జలుబుకు రాసుకునే బామ్ వాసన గుప్పుమంది. ఇంట్లో ఎవరో బామ్ రాసుకుని పిల్లిని ఎత్తుకుని ఉంటారని అతను నోట్‌బుక్‌లో రాసుకున్నాడు.

ఆ రోజు పిల్లికి ఎవరు ఏం తినిపించారని ఆఫియా ఒక్కొక్కరినీ అడిగింది. ఎప్పుడూ పెట్టే ప్యాకెట్ గింజలే గిన్నెలో పోశానని శాంతకుమారి చెప్పింది. కీర్తన ఏమీ పెట్టలేదట.

"తినడానికి నేనేమీ పెట్టలేదండీ," అన్నాడు ఉదయభాస్కర్.

అంతలో కీర్తనకు దగ్గు వచ్చింది. ఆయన మాట ఆపకుండానే చేతి వెనకభాగం కూతురి మెడకు ఆనించి చూశాడు. చొక్కా జేబులోంచి మాత్రల అట్ట తీసి, ఒకటి తుంచి ఆమె చేతిలో పెట్టి, వేడన్నం తిన్నాక వేసుకోమన్నాడు. పిల్లను ఎంత ప్రేమగా చూసుకుంటున్నాడో అనుకున్నాడు రాఘవేందర్. అది కేసుకు సంబంధించిన సంగతి కాదని రాసుకోలేదు.

అత్తాపూర్ ఆసుపత్రిలో డాక్టరమ్మ మబ్బును బాగానే గుర్తుపెట్టుకుంది. ఎలుకల మందు తింటే ఒకట్రెండు రోజులు ఏమీ తెలియదనీ, ఆ తరవాత రక్తం కారుతుందనీ, ఇక్కడ ఒక్క చుక్క కూడా కారలేదనీ చెప్పింది. మబ్బు చిగుళ్లు కాఫీ రంగుకు తిరిగాయి, మొహం, పాదాలు వాచాయి. రక్తాన్నే పాడుచేసే మందేదో ఒంట్లోకి వెళ్లింది. ఇంట్లో మామూలుగా ఉండే వస్తువే కావచ్చు. ఏం తిన్నదని అడిగితే గింజలు తప్ప ఏమీ లేదన్నారట. పరీక్ష చేసేలోపే ప్రాణం పోయింది.

అక్కణ్ణుంచి వాళ్లు శంషాబాద్ పాత ఊళ్లో ఇస్హాక్ ఇంటికి వెళ్లారు. మబ్బు పుట్టింది అక్కడే. ఇస్హాక్, అతని భార్య నూరీన్ మేడ మీద గదిలో పర్షియన్ పిల్లుల్ని పెంచుతారు. సంగతి విని నూరీన్ కళ్లు తుడుచుకుంటూ లోపలికి వెళ్లిపోయింది. పిల్లిని కొనేవాళ్లు ముందొచ్చి దానితో కాసేపు కూర్చోవాలనీ, దాని గుణం తెలుసుకున్నాకే తీసుకుపోవాలనీ ఇస్హాక్ పెట్టుకున్న నియమం. ఉదయభాస్కర్ విషయంలో అది తప్పింది. ఆ సాయంత్రమే పుట్టినరోజు, రాత్రికి డ్యూటీ, టైం లేదంటూ ఆయన బుట్ట పట్టుకుని వెళ్లిపోయాడు. తరవాత ఫోన్ చేస్తే పనిలో ఉన్నానన్నాడు.

"ఈ జాతిది చప్పిడి మొహం, ఆఫియా ఆపా. ముక్కు లోపలికి ఉంటది. గురగుర అంటది, కండ్లకెల్లి నీళ్లు కారుతయి. అది బీమారి కాదు, పుట్టుకే గట్ల. తడిబట్టతోని తుడిస్తే సాలు. గీ ముక్క చెప్పనీకే ఫోన్ చేసిన. నేను ఇయ్యకపోతే అయిపోవు," అన్నాడు ఇస్హాక్.

తిరుగు దారిలో ఇస్హాక్ మీద అనుమానం ఉందా అని రాఘవేందర్ అడిగాడు. తల మీంచి విమానం ఒకటి దిగిపోయాక, మనం అందరినీ తప్పు ప్రశ్న అడిగినం అంది ఆఫియా. ఏం తినిపించారని అడిగాం గానీ, అడగాల్సింది అది కాదట. ఆమె మొహంలో కేసు తేలినప్పుడు ఉండే వెలుగు లేదు. ఎవరని తేలిందో ఆ మనిషిని పక్కకు పిలిచి చెబితే పోదా అని అతను అడిగాడు.

"శివమ్మ ఫొటో నలుగుట్ల పెట్టినరు. నలుగుట్లనే తియ్యాలె," అంది ఆఫియా.

ఆదివారం పొద్దున కాలనీ క్లబ్బు గదిలో అందరూ కూర్చున్నారు. అసోసియేషన్ కార్యదర్శి నరసరాజు పెద్దరికంగా మధ్యలో ఉన్నాడు. ఒకవైపు ఉదయభాస్కర్, శాంతకుమారి, కీర్తన. ఇంకోవైపు ఇస్హాక్. శివమ్మ పనిచేసే మిగతా నాలుగిళ్లవాళ్లూ వచ్చారు. శివమ్మ ఇక్కడా కూర్చోలేదు, తలుపు దగ్గరే నిలబడింది.

ఆఫియా గొంతు పెంచకుండా మొదలుపెట్టింది. ఎలుకల మందు ఎందుకు కాదో డాక్టరమ్మ మాటల్లోనే చెప్పింది. తీసిన ఒక్క బిళ్లా ఫ్రిజ్ వెనక అలాగే ఉందని చెప్పింది. ఆ ఇంట్లో మబ్బును చంపాలనుకున్న మనిషి ఎవరూ లేరని, శివమ్మ అసలే కాదని అంది. అయినా మబ్బు విషంతోనే చచ్చిపోయింది. పెట్టినవాళ్లకు అది విషమని తెలియదు, అంతే.

"బుట్టల గుడ్డకు బామ్ వాసన ఉన్నది. పిల్లికి జలుబు చేసిందని ఎవరో దాని ఛాతికి బామ్ రాసినరు. ఆ మనిషికి మబ్బు గురగుర, కండ్ల నీళ్లు రోగమనిపించినయి. ఒళ్లు ముట్టుకుంటే కాలుతున్నట్టు అనిపించింది. పిల్లి ఒంటి వేడి మనకన్నా ఎప్పుడూ ఎక్కువే ఉంటది. మన చేతికి ప్రతి పిల్లికీ జ్వరమే," అందామె.

ఆమె శాంతకుమారి, కీర్తనల వైపు తిరిగింది.

"ఒళ్లోకి తీసుకోలేదని మీరన్న మనిషి ప్యాంటు నిండ పిల్లి బొచ్చు ఉన్నది. రోజూ డ్యూటీ దిగినంక, మీరంతా బయటికి పోయినంక, ఆయన దాన్ని ఒళ్లో పెట్టుకునే కూసుంటడు. సోమవారం గూడ కూసున్నడు. ఉదయభాస్కర్ గారూ, ఆ పొద్దున మబ్బుకు మీరు మందేమన్నా వేసిన్రా?"

ఉదయభాస్కర్ చెయ్యి తనకు తెలియకుండానే చొక్కా జేబు మీదికి వెళ్లింది.

"వేశానండీ. ఆయాసపడుతోంది, ఒళ్లు కాలిపోతోంది. మా అమ్మాయికి చిన్నప్పుడు వేసినట్టే, జ్వరం మాత్ర పొడిచేసి పెరుగులో కలిపి నాకించాను," అని ఆగాడు. "అది మందు కదండీ. తినడానికి ఏం పెట్టారంటే... అది మందు కదా."

అందుకే తన ప్రశ్న తప్పని ఆఫియా చెప్పింది. ఏం తినిపించారంటే మాత్ర సంగతి ఎవరికీ గుర్తుకు రాదు. మందు వేసినవాళ్లెవరూ విషం పెట్టామనుకోరు. మన ఇళ్లలో పిల్లల ఒంటికి చెయ్యి ఆనించగానే వేసే ఆ పారాసిటమాల్‌ను అరిగించుకునే శక్తి పిల్లి ఒంట్లో లేదు. ఒక్క మాత్ర చాలు, రక్తం కాఫీ రంగుకు తిరుగుతుంది, మొహం వాచి, ఊపిరి అందక పోతుంది. అసలు మబ్బుకు ఆ రోజు జబ్బే లేదు. అది ఎప్పటిలాగే ఉంది.

ఉదయభాస్కర్ మాత్రల అట్ట జేబులోంచి తీసి బల్ల మీద పెట్టి, దానివైపే చూస్తూ ఉండిపోయాడు. శాంతకుమారి భర్త భుజం మీద చెయ్యి వేసింది. కీర్తన తండ్రిని చూడనూ లేక, తల తిప్పుకోనూ లేక ఏడ్చింది. అక్కడున్న అందరికీ ఆయన మీద జాలి కలిగింది. ప్రేమతో చేసిన పని ఇలా తిరగబడితే మనిషి ఏమైపోతాడో రాఘవేందర్ ఊహకు అందలేదు.

నరసరాజు గొంతు సవరించుకుని, ఏదో తెలియక జరిగిపోయింది, ఇంతటితో వదిలేద్దాం, శివమ్మ కార్డు శివమ్మకు ఇచ్చేద్దాం అన్నాడు. ఉదయభాస్కర్ లేచి నిలబడ్డాడు. ఫోన్ తీసి, మబ్బు తన చేతి మాత్రతోనే పోయిందనీ, శివమ్మ ఏ తప్పూ చెయ్యలేదనీ కాలనీ గ్రూపులో తనే రాశాడు. తరవాత శివమ్మ దగ్గరికి వెళ్లి చేతులు జోడించాడు.

"నన్ను క్షమించమ్మా. నాకు తెలియలేదు," అన్నాడు.

శివమ్మ ఆయన్ను తేరిపార చూసింది. కోపంగా లేదు. వారం రోజులుగా అడగాలనుకుని ఎవరిని అడగాలో తెలియని మాట ఇప్పుడు అడిగింది.

"పిల్లి కొత్తది సార్. దాని సంగతి నీకు తెల్వదు. జ్వరమనుకున్నవ్, మాత్ర ఏసినవ్, సరే. నేను ఆరేండ్ల సంది మీ ఇంట్ల ఉన్న. నీ బిడ్డకు టైఫాయిడ్ వస్తే పక్కన కూసొని బట్ట తడిపి ఏసిన. నా సంగతి గూడ తెల్వదా సార్?"

ఉదయభాస్కర్ జోడించిన చేతులు దించేశాడు. ఆ గదిలో ఉన్న నాలుగిళ్లవాళ్లూ నేల చూపులు చూశారు.

నరసరాజు కార్డు తెచ్చి ఇచ్చాడు. శివమ్మ దాన్ని మెడలో వేసుకుంది. రేపట్నుంచి వస్తావా అని శాంతకుమారి మెల్లగా అడిగితే, రానమ్మా అంది. క్లబ్బు మెట్లు దిగి, ఉదయభాస్కర్ ఇంటి ముందు నుంచే నడిచి వెళ్లి, తను పనిచేసే పక్కింటి గంట కొట్టింది.