కాటుకేరు దాటనివాళ్లు

ఇందుమతి ఆట మూడో భాగంలో వాన ఆపి, ఐదో భాగంలో వాన మొదలుపెట్టింది. ఇరవై రెండో కొలమానం, వర్షం. మూడో భాగంలో వానంటే నిలువు గీతలే. అందులో ఎవరూ తడవరు. ఐదో భాగంలో చినుకు పడగానే చేపలమ్మే మనిషి గంప మీద గోనెపట్టా కప్పింది. కుక్క అరుగెక్కింది. దారిలో మట్టి రంగు మారింది. ఇందుమతి ఐదో భాగానికి తొమ్మిది, మూడో భాగానికి రెండు వేసింది. రెండు నొక్కేటప్పుడు మాత్రం వేలు ఒక్క క్షణం ఆగింది.

నెల్లూరు తులనశాలలో ఆమెకిది ఆరో ఏడు. విద్యుత్తు చాలక, పాత క్రీడాలోకాల్లో ఒక్కో ఆటకు ఒక్క భాగమే మెలకువగా ఉండాలన్న నియమం వచ్చినప్పుడు ఈ ఉద్యోగం పుట్టింది. తులనకర్త రెండు భాగాలూ ఆడి, నలభై కొలమానాల్లో మార్కులు వేయాలి. నిర్ణేత అనే యంత్రం వాటిని చూసి ఒకదాన్ని ఉంచుతుంది, రెండోదాన్ని నిద్రపుచ్చుతుంది. నిద్రపోయినవి ఇప్పటికి రెండువందల పద్నాలుగు. ఇవాళ ‘ఏడేర్ల సీమ’ వంతు. సాయంత్రం ఐదింటికల్లా తేలిపోవాలి.

మూడో భాగం ఆమె పదో ఏట ఇంట్లోకి వచ్చింది. అందులో దారి చూపే గుర్తులేవీ ఉండవు. ఎటు పోవాలో ఊళ్లోవాళ్లను అడగాలి. వాళ్లలో కొందరు అబద్ధం చెబుతారు. గాజుల సుబ్బక్కను నమ్మకూడదని తెలుసుకోవడానికి ఇందుమతికీ, అన్న దామోదరానికీ ఒక వేసవంతా పట్టింది. ఐదో భాగంలో ఎవరూ అబద్ధమాడరు. కాళ్ల ముందు బంగారు గీత ఒకటి పరుచుకుంటూ పోతుంది. నిన్న చెప్పిన మాట గుర్తుపెట్టుకుని మనుషులు ఇవాళ పలకరిస్తారు. నిజానికి ఆమెకు అదీ ఇష్టమే. జ్వరమొచ్చి తగ్గాక ఒక రోజు లోపలికి వెళ్తే, సత్రం నడిపే ఆమె “గొంతు అలా ఉందేం?” అని అడిగింది. ఆ మాటకు కళ్లు చెమర్చాయి.

మధ్యాహ్నం మూడింటికి లెక్క తేటగా ఉంది. ముప్పై నాలుగు కొలమానాల్లో ఐదో భాగానిదే పైచేయి.

ఎదుటి సందర్శకుల పీఠంలో మస్తాన్‌బీ ఆటలో మళ్లీ నీళ్లలో పడింది. ఆమె కృష్ణపట్నం రేవులో ముప్పై ఏళ్లు క్రేను నడిపి విరమించిన మనిషి. రెండేళ్లుగా చేతులు వణుకుతున్నాయి. పదకొండు రోజులుగా రోజూ వచ్చి, మూడో భాగంలో కాటుకేరు దాటాలని చూస్తోంది. తెప్ప నడపడానికి చెయ్యి నిలకడగా ఉండాలి. తెప్ప తిరగబడిన ప్రతిసారీ ఒడ్డున పడవవాడు తిరువెంగళం నవ్వుతూ అదే మాటంటాడు: “నీళ్లు తాగావా? తియ్యగా ఉన్నాయా?” అతనికున్నవే ఆ నాలుగు మాటలని ఇందుమతి నమ్మకం.

ఇందుమతి లేచి ఆమె పక్కకు వెళ్లింది. “అమ్మా, ఐదో భాగం ఆడకూడదా? అది మీ చేతికి సాయం చేస్తుంది. పైగా అందులో ఏటి మీద వంతెనే ఉంది.”

“చూశాలే అమ్మాయ్. బాగుండాది వంతెన. పిల్లల్ని తీసకపోవాల్సిన చోటు.” మస్తాన్‌బీ తెప్ప మళ్లీ నీళ్లలోకి దించింది. “దీని మీద నాకు పంతం పడింది.”

“ఇవాళ ఐదింటికి దీన్ని నిద్రపుచ్చేస్తారమ్మా.”

మస్తాన్‌బీ చేతులు ఒక్కసారి ఆగాయి. “అయితే ఇంకా రెండు గంటలుండాయిగా,” అంది.

ఇందుమతి పని మానేసి అక్కడే నిలబడిపోయింది. ముసలామె వణుకును ఆపడం లేదు, దాన్ని లెక్కలోకి తీసుకుంటోంది. చెయ్యి కుడికి జారే క్షణం కోసం కాచుకుని, అప్పుడే తెడ్డు వేస్తోంది. నాలుగుంపావుకి తెప్ప సుడిని రాసుకుంటూ వెళ్లి అవతలి ఇసుకలో దిగబడింది.

తిరువెంగళం అక్కడికీ వచ్చాడు. నవ్వలేదు. “చెయ్యి నొప్పెట్టిందా? కూర్చో. గంజి కాశాను, తాగి పోదువుగాని,” అన్నాడు. మూడు రాళ్ల పొయ్యి దగ్గర ఇద్దరూ కూర్చున్నారు. బహుమతి లేదు, వాద్యాలు లేవు. లేచేదాకా ఆట కదలదు. మస్తాన్‌బీ లేవలేదు.

ఇందుమతి ఆ మాట ఎన్నడూ వినలేదు. చిన్నప్పుడు కాటుకేరు దగ్గరికి రాగానే ఆటను అన్న చేతికిచ్చి అన్నానికి పోయేది. ఇక్కడ తులనశాలలో దాటుమీట ఉంది. కష్టమైన చోట అది నొక్కితే తిన్నగా అవతలి ఊళ్లో తేలుతారు. తులనకర్తలందరూ నొక్కుతారు. గడువులు అలాంటివి.

ఆమె తన పీఠానికి తిరిగివచ్చి మిగిలిన మార్కులు వేసింది. ఒక్కటీ మార్చలేదు, వాన వానే. చివర ఎప్పుడూ ఉండే ప్రమాణం వచ్చింది: రెండు భాగాలూ మొదటి నుంచి చివరిదాకా ఆడాను. ఆరేళ్లుగా చదవకుండానే ‘అవును’ నొక్కిన వాక్యం.

‘కాదు’ నొక్కింది.

నిర్ణేత అడిగింది: “కారణం?”

“దాటుమీట వాడాను.”

“దాటుమీట వాడకం ఈ తులనశాలలోని రెండువందల పద్నాలుగు తులనల్లోనూ నమోదై ఉంది. మీ సమాధానం ప్రకారం అవేవీ చెల్లవు. వాటన్నిటినీ తిరిగి తెరవమంటారా?”

ఇందుమతికి తోటివాళ్ల ముఖాలు గుర్తొచ్చాయి. “తెరవండి,” అంది.

నేల కింద శీతలయంత్రాలు ఒకటొకటిగా హోరెత్తాయి. గదిలో దీపాలు సగానికి తగ్గాయి. పర్యవేక్షకుడు రవూఫ్ గాజు గదిలోంచి పరుగున వచ్చాడు.

“ఏం చేశావమ్మా ఇందుమతీ! ఇంత కరెంటు ఎక్కణ్ణుంచి తేవాలి? మళ్లీ అన్నీ ఎవరు ఆడాలి?”

“మనమే సార్. కాటుకేరు మీరు దాటారా?”

రవూఫ్ పొయ్యి ముందు కూర్చున్న ముసలామెను, ఆమె ఎదుట గంజి తాగుతున్న పడవవాణ్ణి చూశాడు. చేతిగడియారం విప్పి జేబులో వేసుకుని, మస్తాన్‌బీ పక్క పీఠంలో కూర్చున్నాడు.

“తెడ్డు ఏ చేత్తో పట్టుకోవాలమ్మా?” అని అడిగాడు.

మస్తాన్‌బీ అతన్ని పైనుంచి కిందికి చూసింది. “ముందు ఆ బూట్లు విడిచి నిమ్మళంగా కూర్చో నాయనా,” అంది.