కదలని రోమింగ్ ఫోను

ఉదయం ఎనిమిదీ పది. సెల్‌ఫోన్ రిపేరు షాపు షట్టరు నడుం ఎత్తుకి లేచింది. దాని కిందనుంచి లోపలికి తల దూర్చబోయిన మనిషి అలాగే ముందుకు వాలిపోయాడు. సైలెన్సర్ బిగించిన పిస్టల్ చప్పుడు బస్సు వేసిన బ్రేకు చప్పుడులో కలిసిపోయింది. హెల్మెట్ పెట్టుకున్న ఒకడు శవాన్ని దాటుకుని లోపలికెళ్ళి, కౌంటర్ మీది రసీదు పుస్తకంలోంచి రాసి ఉన్న కాగితం చింపుకున్నాడు. నలభై సెకన్లలో బయటికొచ్చి బైకెక్కి మాయమయ్యాడు.

చనిపోయినవాణ్ణి వీధి వీధంతా రిపేరు మామ అని పిలిచేది. సీక్రెట్ సర్వీస్ ఫైళ్ళలో అతని పేరు 'చెవి'.

తొమ్మిదిన్నరకి ఏజెంట్ తంతి, కాన్ఫరెన్స్ హాలు ఎదుట ఆగివున్న మంచినీళ్ళ క్యాన్ల వ్యాను వెనక తలుపు మూడుసార్లు తట్టాడు. టెలిగ్రాంలా నాలుగు ముక్కల్లో మాట తేల్చేస్తాడని అతనికా పేరు. వ్యానులో క్యాన్లు ముందు వరసలోనే ఉన్నాయి. వాటి వెనక వైర్‌లెస్ సెట్లు, స్క్రీన్లు, గుమ్మడికాయంత ఎర్ర స్విచ్చు ఉన్న ఒక జామర్, దాని ముందు ఆపరేటర్, మధ్యలో ముడుచుక్కూచున్న చీఫ్.

"మామ పోయాడు," అన్నాడు చీఫ్.

తంతి తల దించుకున్నాడు. పదేళ్ళ స్నేహం. కళ్ళు తుడుచుకోవడానికి కూడా వ్యవధి లేని ఉద్యోగం.

"పోయే ముందు ఇంటినుంచి మన లైనుకి ఫోన్ చేశాడు. విను."

స్పీకర్‌లో మామ గొంతు బొంగురుగా పలికింది. "సార్, నిన్న ఒక పార్టీ ఫోను పట్టుకొచ్చాడు. బయటి దేశం సరుకు. ఇక్కడ పద్దెనిమిది వందల బ్యాండు ఒక్కటే పట్టుకుంటుంది. లోపల రోమింగ్ సిమ్ము. చేయించుకున్న పని చూస్తే నాకు మనసు కుదురుగా లేదు. షాపుకెళ్ళి రసీదు చూసి వివరంగా చెప్తా."

"పదకొండున్నరకి ఈ హాల్లో రెండు దేశాల మంత్రులు నదీజలాల ఒప్పందం మీద సంతకాలు పెడతారు," అన్నాడు చీఫ్. "అది జరక్కూడదని తేలు ముఠా పంతం."

"ఫోను మోగితే బాంబు," అన్నాడు తంతి. "రోమింగ్ సిమ్ము కాబట్టి ఇక్కడ ఏ గుర్తింపు కాగితమూ ఇవ్వక్కర్లేదు. హాలు ఖాళీ చేయిస్తే?"

"లోపల వాళ్ళ మనిషి ఉన్నాడు. ఎవడో తెలీదు. మంత్రులు కుర్చీల్లోంచి లేచారంటే కాల్ వెళ్తుంది. రెండుసార్లు వెతికించాం, దొరకలేదు. ఇక మనకున్న దిక్కు నెమలి. పదింటికి కలువు."

నెమలి తేలు ముఠాలో మూడేళ్ళుగా మనకోసం పనిచేస్తున్న డబుల్ ఏజెంట్. హోటల్ లాబీలో నల్లకళ్ళద్దాలు, నీలం రంగు పట్టుచీర, మోచేతికి ఆనించిన తెల్ల గొడుగు. అటు వెళ్ళే ప్రతి మగవాడూ ఒకసారి నడక తప్పుతున్నాడు.

"వాన పడేలా ఉందా?" అన్నాడు తంతి పక్క సోఫాలో కూర్చుంటూ.

"పడితే నేను తడవను, మీ సంగతి చూసుకోండి." కోడ్ కుదిరింది. ఆమె లిప్‌స్టిక్ గొట్టాన్ని అతనివైపు దొర్లించింది. అందులో గోరంత మెమరీ కార్డు. "హాలు ప్లాను. బాంబు ఎక్కడుందో నాకూ చెప్పలేదు. సరిగ్గా పదకొండున్నరకి కాల్ వస్తుంది. రెండు నిమిషాల ముందు జామర్ వేయండి. సిగ్నల్ పోతే ఆ ఫోను చచ్చిన పాము."

"అంత తేలికా?"

"తేలిక పనుల మీద మీకు నమ్మకం లేదనుకుంటాను," అని నవ్వింది. నవ్వు బాగుంది. కళ్ళద్దాలు మాత్రం తియ్యలేదు.

చీఫ్‌కి కార్డు చేరింది. జామర్ పదకొండూ ఇరవై ఎనిమిదికని నిర్ణయం జరిగింది. పని అయిపోయినట్టే. కానీ తంతికి మామ మాట పంటి కింద రాయిలా తగులుతూనే ఉంది. చేయించుకున్న పని చూస్తే మనసు కుదురుగా లేదన్నాడు. ఏమిటా పని?

పదీ నలభైకి అతను మెడలో టై, చంకలో ఫైలుతో ఇన్సూరెన్సు సర్వేయర్‌లా షాపులోకి నడిచాడు. శవాన్ని తీసుకెళ్ళిపోయారు. స్క్రూడ్రైవర్ల డబ్బా పక్కన మామ భార్య స్టూలు మీద కూర్చుని ఉంది. ఏడ్చి ఏడ్చి మొహం వాచిపోయింది.

"అత్తా, నిన్నటి రసీదు చించుకుపోయారట."

"ఎవడి పాపం వాడిదే," అంది ఆమె. "మీ మామ కస్టమర్‌కి చెప్పిన ప్రతి ముక్కా రసీదు మీద రాసేవాడు నాయనా, రేపు మాట తేడా రాకూడదని. రాస్తే కాగితానికి చిల్లు పడేంత గట్టిగా రాసేవాడు. ఆ చెయ్యే అంత."

తంతి గభాలున పుస్తకం అందుకున్నాడు. పై కాగితం పోయింది. కింది తెల్ల కాగితం మీద ఏమీ లేదు. ఇలాంటి పనికోసమే డిపార్ట్‌మెంటు ఇచ్చిన అల్ట్రావయొలెట్ పెన్‌టార్చి నొక్కాడు. వెలగలేదు. బల్లమీది పెన్సిల్ తీసుకుని పడుకోబెట్టి రుద్దాడు. నల్లటి పూతలోంచి తెల్లటి అక్షరాలు ఒక్కొక్కటే లేచాయి. మోడల్ నంబరు. 'మన దగ్గర 1800 తప్ప పట్టదని చెప్పాను'. దాని కింద: 'పని. రింగు వైరు బయటికి తీయాలి. సిగ్నల్ పోయినా అదే వైరుకి కరెంటు రావాలి.'

అతను ఆఖరి వాక్యాన్ని రెండోసారి చదివాడు.

సిగ్నల్ పోయినా అదే వైరుకి. అంటే జామర్ వేసిన క్షణంలో బాంబు పేలుతుంది. పేల్చేది తేలు ముఠా కాదు, మన ఆపరేటర్. మన వేలితో మన కన్నే పొడిపించి, ఆ వీడియో ప్రపంచానికి చూపిస్తారు. కాల్ అన్నది కేవలం రెండో దారి.

చీఫ్ ఫోను పలకలేదు. వ్యాను ఇనుప డబ్బా, లోపల సిగ్నల్ ఉండదు. వైర్‌లెస్ కలిపాడు. అవతల నెమలి గొంతు.

"మీరక్కడికెలా వచ్చారు?"

"హాలు ప్లాను వివరించమని చీఫ్ పిలిచారు. హాట్‌లైనులో ఉన్నారాయన. ఏదైనా నాకు చెప్పండి."

"జామర్ వేయొద్దని చెప్పండి. ఎట్టి పరిస్థితిలోనూ."

"తప్పకుండా," అంది నెమలి. వైర్‌లెస్ కట్టయింది. మళ్ళీ కలిపితే గరగర శబ్దం తప్ప ఏమీ లేదు.

టైం పదకొండూ రెండు. టాక్సీలోకి దూకుతూ ఇంకో నంబరు నొక్కాడు.

"ఏరా, ఇప్పుడా? డ్యూటీలో ఉన్నాను," అంది అక్క. తంతి అక్క ఒక మొబైల్ కంపెనీ కంట్రోల్ రూములో షిఫ్ట్ ఇంజనీరు. తమ్ముడు ఇన్సూరెన్సు ఏజెంటని పద్నాలుగేళ్ళుగా బంధువులందరికీ చెప్పుకుంటోంది.

"అక్కా, అడ్డు తగలకుండా విను. కాన్ఫరెన్స్ హాల్లో ఒక ఫోనుంది. రోమింగ్ సిమ్ము. అది మోగితే నాలుగొందల మంది పోతారు. సిగ్నల్ పోయినా పోతారు. మీ కంపెనీయే దానికి 1800 ఇస్తోంది."

అవతల కుర్చీ జరిగిన చప్పుడు. తర్వాత కీబోర్డు టకటకలు.

"మోడల్ చెప్పు."

చెప్పాడు.

"ఏ ఫోనైనా మా నెట్‌వర్క్‌లోకి రాగానే, నాకు ఇవిగో ఈ బ్యాండ్లు తెలుసని ముందే చెప్పుకుంటుంది, తెలిసిన భాషలు చెప్పుకున్నట్టు. హాలు వైపు టవర్ మీద రోమింగ్ ఫోన్లు రెండొందల పదకొండున్నాయిరా. అందరూ విదేశీ అతిథులే కదా. ఉండు... నీ మోడల్ ఒక్కటే. తెల్లవారుజామునుంచి అంగుళం కదల్లేదు. పేరుకే రోమింగ్!"

"అదే. కాల్ రాకూడదు, సిగ్నల్ పోకూడదు. కుదురుతుందా?"

"రిజిస్ట్రేషన్ అలాగే ఉంచి, దానికొచ్చే కాల్స్, మెసేజ్‌లు మా స్విచ్‌లోనే ఆపేస్తాను. దానికేమో అంతా బాగానే ఉన్నట్టుంటుంది."

"మీ దగ్గర ఆపితే అది ఇంకో కంపెనీ నెట్‌వర్క్‌లోకి గెంతితే?"

"ఎక్కడికి గెంతుతుంది? మిగతా రెండు కంపెనీలూ అక్కడ 900 మీద, 2100 మీద నడుస్తాయి. ఈ ఫోనుకి అవి బొత్తిగా వినపడవు." మళ్ళీ కీబోర్డు టకటకలు. "తమ్ముడూ, ఇదే మోడలు, ఇదే దేశం సిమ్ము ఇంకొకటి ఉందిరా. హాలు వైపు కాదు, రోడ్డు వైపు. అరగంట కింద హోటల్ టవర్ కింద ఉంది. చివరిసారి సిగ్నల్ దొరికింది హాలు గేటు ఎదురుగా, ఆ తర్వాత మాయం."

గేటు ఎదురుగా ఉన్నది వ్యాను ఒక్కటే. హోటల్లోంచి అక్కడికి వచ్చిన మనిషీ ఒక్కతే. తంతి కళ్ళు మూసి తెరిచాడు. జామర్ ఆపమన్న కబురు ఎవరికి చెప్పాడో ఇప్పుడు తెలిసింది. దొంగ చేతికే తాళం ఇచ్చాడు.

"ముందు కదలనిది ఆపు," అన్నాడు. "లైను వదలకు."

ట్రాఫిక్ గడ్డకట్టింది. పదకొండూ పందొమ్మిదికి టాక్సీ వదిలేసి పరుగందుకున్నాడు. చెవిలో అక్క గొంతుతో పాటు ఇంకో గొంతు, ఆమె సూపర్‌వైజర్‌ది.

"ఏంటమ్మా ఇది? రోమింగ్ కస్టమర్ని ఆపాలంటే నా సంతకం, మేనేజర్ సంతకం, రోమింగ్ డెస్క్ సంతకం కావాలి. రూలు రూలే!"

"సార్, బాంబు సార్!"

"ఎవరు చెప్పారు?"

"మా తమ్ముడు!"

"ఆయనేం చేస్తాడు?"

"ఇన్సూ..." అక్క అంత ఆపదలోనూ ఒక్క క్షణం తడబడింది. "అది నాకూ ఇప్పుడే అర్థమవుతోంది సార్!"

పదకొండూ ఇరవై ఏడు నిమిషాల యాభై ఐదు సెకన్లు. తంతి వ్యాను తలుపు లాగాడు. ఆపరేటర్ బొటనవేలు ఎర్ర స్విచ్చు మీద ఉంది.

"నాలుగు, మూడు..." అంటున్నాడు చీఫ్.

చెప్పడానికి టైం లేదు. తంతి నీళ్ళ క్యాన్ల మీదుగా దూకి జామర్ కేబుల్ని రెండు చేతులా పట్టి పెరికేశాడు. ఆపరేటర్ స్విచ్చు నొక్కాడు. టిక్కుమంది, అంతే. రెండు క్యాన్లు దొర్లి పగిలి వ్యానంతా నీళ్ళు.

"పిచ్చిపట్టిందా?" చీఫ్ అరిచాడు.

"సిగ్నల్ పోతే పేలుతుంది! నెమలి ఏదీ?"

"ఇప్పుడే దిగింది. గాలాడటం లేదంది."

కాదు. ఆ ఇనుప డబ్బాలో ఫోనుకి సిగ్నల్ అందదు, కాల్ చేయడానికే దిగింది.

నెమలి ఇరవై అడుగుల దూరంలో, గేటు పక్క నీడలో నిలబడి ఉంది. జామర్ వేసే టైం దాటినా హాలు చెక్కుచెదరలేదని ఆమెకి అర్థమైపోయింది. కళ్ళద్దాలు తీసేసింది. చేతిలో చిన్న నల్ల ఫోను. తంతి పిస్టల్ ఎత్తాడు. ఆమె ఫోన్ని పైకెత్తి చూపించింది.

"నంబరు కొట్టేశాను. పచ్చ బటన్ మీదే నా వేలుంది. మీరు కాల్చినా అది నొక్కుకుంటుంది."

"మామని చంపించింది నువ్వేనా?"

"అంత గట్టిగా రాయకుండా ఉండాల్సింది ఆయన. మావాళ్ళు చెప్పారు నాకు, షాపులో పెన్సిల్ రుద్దుతూ కనిపించారట మీరు."

చెవిలో అక్క రొప్పుతోంది. "ఆయన వైరు పీకేస్తానంటున్నాడురా... సార్, జరగండి! కుర్చీతో సహా తోసేస్తాను, జరగండి!" ఏదో దభీమని పడ్డ చప్పుడు.

మాటల్లో పెట్టాలి. జీవితంలో మొదటిసారి తంతికి నాలుగు ముక్కలు చాలలేదు. "మూడేళ్ళు మా ఉప్పు తిన్నావు. లోపల నాలుగొందల మంది ఉన్నారు. టీ అందించేవాళ్ళున్నారు, మైకు సర్దేవాళ్ళున్నారు. వాళ్ళకీ నదికీ ఏం సంబంధం? ఆ ఫోను కింద పెట్టు. నీ ప్రాణానికి నేను పూచీ."

నెమలి ఒక్క క్షణం అతన్ని జాలిగా చూసింది. "ఇన్ని మాటలు మీకొచ్చని నాకు తెలీదు," అంది. వేలు నొక్కింది.

"ఎంటర్ కొట్టాను!" అని చెవిలో అక్క కేక.

ఏది ముందో, ఏది వెనకో!

హాల్లోంచి ఒక్కసారిగా పెద్ద చప్పుడు లేచింది. తంతి గుండె ఆగింది. ఆ చప్పుడు ఆగలేదు, సాగింది. చప్పట్లు. సంతకాలయ్యాయి.

నెమలి ఫోన్ని చెవి దగ్గర పెట్టుకుంది. మళ్ళీ నొక్కింది. మూడోసారీ నొక్కింది. తంతి దగ్గరికెళ్ళి ఆమె చేతిలోంచి ఫోను తీసుకుని విన్నాడు. 'మీరు డయల్ చేసిన కస్టమర్ ప్రస్తుతం అందుబాటులో లేరు' అని ఒక మర్యాదస్తురాలి గొంతు చెబుతోంది.

ఆ తర్వాత మంత్రుల్ని వెనక తలుపునుంచి పంపారు. బాంబు స్క్వాడ్ అనువాదకుల గది కింద, సీసపు పెట్టెలోంచి యాంటెన్నా తీగ ఒక్కటి బయటికొచ్చిన ఫోన్ని పట్టుకుంది. స్క్రీన్ మీద సిగ్నల్ నిండుగా నాలుగు గీతలూ ఉన్నాయి. మిస్డ్ కాల్స్, సున్నా. హెల్మెట్ వాడు సాయంత్రం ఎయిర్‌పోర్టులో దొరికాడు.

తంతి షాపుకెళ్ళి మామ భార్య పక్కన చాలాసేపు కూర్చున్నాడు. అన్నీ చెప్పే వీలు లేదు. "మామ చెయ్యి గట్టిది అత్తా, ఇవాళ నాలుగొందల ఇళ్ళు నిలబడ్డాయి," అన్నాడు. ఆమె ఇంకేమీ అడగలేదు. రసీదు పుస్తకాన్ని తీసి కొంగుతో తుడిచి బీరువాలో పెట్టుకుంది.

అక్క మాత్రం అంత తేలిగ్గా వదల్లేదు.

"ఇంతకీ నీ ఇన్సూరెన్సు కంపెనీ పేరేంట్రా?"

"చెప్పకూడదక్కా."

"మరి నా పాలసీలు?"

"అవి మాత్రం నిజమైనవే."

మూడో రోజు ఆమె డెస్కుకి విదేశీ మొబైల్ కంపెనీ ఒకటి ఘాటుగా కంప్లయింటు పంపింది. తమ కస్టమర్ అంతదూరం వచ్చి అత్యవసరంగా చేసిన మూడు కాల్స్ అందలేదట, సంజాయిషీ ఇవ్వాలట. ఈసారి సూపర్‌వైజర్ స్వయంగా కుర్చీ తెచ్చి పక్కన వేసుకుని, ఏం రాస్తుందో చూస్తూ కూర్చున్నాడు. అక్క రెండే లైన్లు టైపు చేసింది.

'కారణం: మీ హ్యాండ్‌సెట్ మా దేశానికి సరిపడదు. సలహా: మీ కస్టమర్ మళ్ళీ ఇటువైపు రోమింగ్‌కి రాకపోవడం మంచిది.'