కొండ మీది రేడియో గది

చీకటి పడ్డాక కొండ మీది రేడియో గదికి వెళ్తావా అని మా కురోహామా రేవులో ఎవర్నైనా అడగండి. పీకల్దాకా తాగినవాడు కూడా అడ్డంగా తలూపుతాడు.

సముద్రంలోకి పొడుచుకొచ్చిన కొండ అది. పడవలతో మాట్లాడే రేడియో ఒకప్పుడు ఆ గదిలోనే ఉండేది. తర్వాత జాలర్ల సంఘం వాళ్ళు దాన్ని కింద రేవులోకి మార్చుకున్నారు. గది ఖాళీ అయింది... ఖాళీ అంటే, మనుషులు ఖాళీ చేశారు, అంతే. సాయో అనే ఆవిడ అక్కడ రేడియో చూసేదట. ఒక రాత్రి ఆవిడ మొగుడి పడవ తిరిగి రాలేదు. చచ్చిపోయాక కూడా ఆ పడవను పిలుస్తూనే ఉందంటారు. రాత్రిపూట ఆ కిటికీలో ఎవరైనా దీపం పెట్టారా — తన మొగుడి కోసమే పెట్టారనుకుని వచ్చి పక్కన కూర్చుంటుంది.

రేవు ముందు చిన్న భోజనం కొట్టు నడుపుతున్నాను నేను. వచ్చేవాళ్ళందరి కబుర్లూ నా చెవిన పడాల్సిందే. ఇప్పుడు చెప్పేది మాత్రం చిహారు నా పొయ్యి దగ్గర కూర్చుని చెప్పింది. చివరిది నేనే నా చెవులతో విన్నాను.

చిహారు మా ఊరి ఇసావో పెళ్ళాం. ఎక్కడో కొండ ఊళ్ళో పుట్టిన పిల్ల. పెళ్ళయ్యేదాకా సముద్రం మొహం చూడలేదు. ఇసావో స్క్విడ్ చేపల వేటకి వెళ్తాడు. అది రాత్రిపూట వేట. ముందటి చలికాలం గాలివానలో పడవ ఆలస్యమైతే ఈ పిల్ల తెల్లవార్లూ గుమ్మంలోనే కూర్చుంది.

"ఏమవుతోందో తెలియకపోవడం ఉంది చూడు పిన్నీ... అదే చంపేస్తోంది నన్ను," అంది నాతో.

అందుకే పట్నం వెళ్ళి స్కానర్ కొనుక్కొచ్చింది. చేతిలో పట్టేంత పెట్టె. పడవల మాటలు వినొచ్చు దాంట్లో. వినడమే. మాట్లాడ్డానికి మీట ఉండదు.

సంఘం రేడియో చూసే తోకుజో తాత నా కొట్లోనే దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"దీనికి చెవులిచ్చారు గానీ నోరివ్వలేదమ్మాయ్. సరే, విను. పడవలు ఒక ఛానెల్లో మాట్లాడతాయి. నేను ఇంకో ఛానెల్లో జవాబిస్తాను. నీకు పడవల ఛానెలే పెట్టి ఇస్తున్నా. మీ ఆయన మాట వినిపిస్తుంది, నాది వినిపించదు. ఈయనేంటి తనలో తనే మాట్లాడుకుంటున్నాడు, పిచ్చెక్కిందా అని కంగారుపడకు."

"మీ గొంతు వినిపించకపోతే నాకొచ్చిన నష్టమేం లేదులే తాతా!"

కొట్లో ఉన్నవాళ్ళంతా గొల్లుమన్నారు. తాత కూడా నవ్వాడు.

తీరా చూస్తే చిహారు వాళ్ళిల్లు కొండ చాటున ఉంది. పెట్టె పెడితే బుస్సుమనే చప్పుడు తప్ప ఏమీ లేదు. ఒక పగలు కొండెక్కి చూసింది. అక్కడ ప్రతి పడవా పక్కనే ఉన్నట్టు వినిపించిందట.

"ఆ గది జోలికి పోకే తల్లీ. సాయో ఉంది," అన్నాను.

"మంచిదేగా పిన్నీ, ఇద్దరం కలిసి వింటాం!" అంది. దెయ్యమంటే అంత వెటకారం దానికి.

ఆ రోజు సాయంత్రం పడవలన్నీ బయల్దేరాక గాలి తిరిగింది. వాన మొదలైంది. చిహారు ఎవరితోనూ ఒక్క ముక్క చెప్పలేదు. చెప్తే నేను వెళ్ళనివ్వనని తెలుసు. పెట్టె, బ్యాటరీ లాంతరు, రెండు అన్నం ముద్దలు పట్టుకుని చీకట్లో కొండెక్కింది.

గదికి ఒకటే కిటికీ, సముద్రం వైపు. స్కానర్ మీది అంకెలు కనబడాలని లాంతరు ఆ కిటికీలోనే పెట్టుకుంది. గాలికి అద్దాలు దడదడలాడుతున్నాయి.

ఒక్కో పడవా తిరిగొస్తున్నానని చెప్తోంది. చాలాసేపటికి —

"హకుయో మారు నుంచి రేవుకి. ఇంజన్ సరిగ్గా లాగడం లేదు. మెల్లగా వస్తున్నా."

వాళ్ళ పడవ పేరది. ఇసావో గొంతు! ప్రాణం లేచొచ్చింది దానికి. తర్వాత నిశ్శబ్దం... మళ్ళీ ఇసావో: "సరేనండీ, అలాగే."

తాత జవాబిస్తున్నాడన్నమాట, అనుకుంది. స్థిమితపడి అన్నం ముద్ద కొరికింది.

"వాన బాగా ఉంది. రేవు దీపాలు కనబడట్లేదు..."

నిశ్శబ్దం.

"ఆఁ, కనిపించింది. ఒక్కటే దీపం. దాని మీదకే వస్తున్నా."

అమ్మయ్య అనుకుని కిటికీలోంచి చూసింది. దూరంగా చిన్న వెలుగు, పైకీ కిందికీ ఊగుతూ. పడవే. చూస్తుండగానే దగ్గరైంది. ఇంకా దగ్గరైంది. రేవులోకి దారి కొండకి అవతల ఉంది కదా... మరి ఈ పడవ ఇటెందుకొస్తోంది?

కొండ కింద అన్నీ రాళ్ళే. అలలు వాటి మీద పడి పగులుతున్నాయి.

"ఇటు కాదు! ఇటు కాదయ్యా, ఇటు రాకు!"

పెట్టెను నోటి దగ్గర పెట్టుకుని అరిచింది. ఉన్న మీటలన్నీ నొక్కింది. ఏ మీట నొక్కితే మాట వెళ్తుంది? ఏదీ లేదు. మొగుడి ఊపిరి కూడా వినిపిస్తోంది, ఒక్క మాట అందించే దారి లేదు. కొన్నందుకు పెట్టెను తిట్టుకుంది. గుమ్మంలో ఏమీ తెలియకుండా కూర్చోవడమే నయమనిపించిందట.

అప్పుడు ఇసావో గొంతు మారింది.

"ఏంటీ?... రేవు దీపం కాదా?... మరి ఎవరిది?"

నిశ్శబ్దం.

"మా ఆవిడదా?... అక్కడెందుకుంటుందండీ అది?"

చిహారు తల తిప్పి లాంతరు వంక చూసింది.

వేళ్ళు కొంకర్లు పోయి స్విచ్ అందలేదు. లాంతర్ని లాగి కడుపు కింద పెట్టుకుని నేల మీద బోర్లా పడుకుంది. గది చీకటైపోయింది. పెట్టె మాత్రం వాగుతూనే ఉంది.

"ఆరిపోయింది... ఆఁ, ఎడమకి... ఇంకానా?... సరే... సరే..."

చూడ్డానికి లేదు, లేవడానికి లేదు. లేస్తే వెలుగు బయటపడుతుంది. మొహం నేలకి ఆనించి, ఇంజన్ చప్పుడు దూరమయ్యేదాకా ఏడుస్తూ అలాగే పడుంది.

"రేవులోకి వచ్చేశా. చాలా థాంక్సండీ."

పెట్టెను ఆపెయ్యడం కూడా మరిచిపోయి, జేబులో కుక్కుకుని, పడుతూ లేస్తూ కిందికొచ్చింది. మేమంతా రేవులో టార్చీలు పట్టుకుని నిలబడున్నాం. నేరుగా వచ్చి తోకుజో తాత ముందు నడుం విరిగేంత వంగింది.

"తాతా, మీరు నా దీపం చూసి చెప్పకపోయుంటే..."

"దీపమేంటమ్మాయ్? నేనెవరికి చెప్పాను?" అన్నాడు తాత. "చీకటి పడగానే కరెంటు పోయింది. రేవు దీపాలు పోయాయి, నా రేడియో పోయింది. ఏం చెయ్యడానికీ దిక్కులేక అప్పట్నుంచీ ఇక్కడే నిలబడి టార్చి ఊపుతున్నా."

చిహారు చుట్టూ చూసింది. ఊరంతా కటిక చీకటి.

అంతలో ఇసావో గట్టెక్కాడు. నిలువెల్లా తడిసిపోయున్నాడు.

"తాతా, రేడియో దగ్గర ఆ కొత్తావిడ ఎవరు? ఆ దీపం దగ్గరికి రాకు, అక్కడున్నది మీ ఆవిడ, ఉండు ఆర్పిస్తానంది... ఎవరావిడ?"

నా పక్కనున్న ముసలావిడ గొణిగింది — "సాయో..."

"నోర్ముయ్యండి!" అని అరిచాడు తాత. "సాయో లేదు, గీయో లేదు. ఆ గదిలో రేడియో చూసింది మా నాన్న ఒక్కడే. అక్కడ దీపం పెడితే రేవు దీపమనుకుని పడవలు వచ్చి రాళ్ళకి కొట్టుకుంటాయి. పెట్టొద్దంటే పిల్లలు వినరని ఆయన అల్లిన కథ అది. ఉత్త కథ!"

నేను ఇసావో మొహంలోకి చూశాను. కథ అయితే మరి... ఇసావోతో మాట్లాడిందెవరు?

అప్పుడు చిహారు జేబులో చప్పుడైంది. బుస్సుమని... ఆ పెట్టె ఇంకా వాగుతోంది. బయటికి తీసింది. పడవల ఛానెల్. మా పడవలన్నీ కళ్ళెదుటే కట్టేసి ఉన్నాయి. సముద్రంలో మా వాళ్ళెవరూ లేరు.

దూరం నుంచి, అలల హోరులోంచి, ఒక మగ గొంతు —

"సాయో... ఇప్పుడే కదే కనబడింది... దీపం ఎందుకు ఆర్పేశావ్?"

అందరం విన్నాం. మళ్ళీ అడిగాడు. "సాయో... ఎటు రానే?"

తాత పెట్టెను లాక్కుని దాని మీద మాట్లాడే మీట కోసం వెతికాడు. లేదని ఆయనకీ తెలుసు.