వంటింట్లో పసుపు గీత

2094 నాటికి కాకినాడలో కళ్ళజోడు పెట్టుకునేవాళ్ళు లేరు. అందరి కళ్ళలోనూ నేత్రపలకలే. ఎదురుగా ఉన్న లోకం ముందు ఆ పలక మీదికొచ్చి, తర్వాత మెదడుకు చేరుతుంది. ఆ పలకను నడిపేది 'వాకిలి' అనే ఓపెన్ సోర్స్ ఆపరేటింగ్ సిస్టమ్. అందులో బొమ్మ గీసే భాగం చిత్రచోదకం, పాతవాళ్ళ మాటల్లో గ్రాఫిక్స్ డ్రైవర్. దాని కోడ్‌కి ఎవరైనా అతుకు, అంటే ప్యాచ్, వేయవచ్చు, వేసిన అతుకు అందరి కళ్ళలోకీ దానంతటదే ఎక్కుతుంది. మంది ఎక్కువైతే మజ్జిగ పల్చన అని మనవాళ్ళు ఊరికే అనలేదు, కానీ వినేదెవరు?

ఆ ఉదయం చోదకాల ఇంజనీరు తారకేష్ ఒక ఫిర్యాదు మీద భీమేశ్వర్ ఇంటికి వెళ్ళాడు. తలుపు తీసిన ఇల్లాలు హైమ చేతికి మోచేతి దాకా కట్టు ఉంది.

"వంటింట్లో డిస్‌ప్లే దెబ్బతిందండి," అన్నాడు భీమేశ్వర్. "గిన్నెలు గాల్లో తేలుతున్నాయి. రీస్టార్ట్ చేశాను, పాత వెర్షన్ వేశాను, డ్రైవర్ తీసేసి మళ్ళీ ఎక్కించాను. తగ్గలేదు. నిన్న మరిగే గంజి పట్టుకెళ్తూ దేన్నో గుద్దేశాను."

"దేన్నో కాదు, నన్ను," అంది హైమ.

భీమేశ్వర్ ఫ్రిజ్ వైపు చూసి తలూపాడు. హైమ నిలబడింది ఫ్రిజ్ దగ్గర కాదు.

తారకేష్ చోదకం పనుల చిట్టా, లాగ్ తెరిచాడు. బ్యాటరీ ఆదా కోసం ఎవరో ఏనాడో ఒక అతుకు వేశారు. చూపు నిలవని వస్తువును చోదకం గీయదు, ఆ చోట వెనకున్న గోడను అతికించేస్తుంది. ఈ ఇంట్లో అలా మాయమైనవి పాత క్యాలెండరు, కాళ్ళు తుడుచుకునే పట్టా, హైమ. తారకేష్‌కి ఒళ్ళు మండిపోయింది.

"డ్రైవర్‌కేం రోగం లేదు. మీరు చూడనిదాన్ని అది గీయడం మానేసింది. ఏడాది పైగా మీరు మీ ఆవిడ మొహం చూడలేదు. సిగ్గుగా లేదూ?"

"అడిగినదానికి బదులు చెప్తూనే ఉంటాడండి, గోడకేసి చూస్తూ," అంది హైమ. "నిన్న గంజి. రేపు కాగే నూనె పట్టుకొస్తే నా గతేంటి?"

"రోజూ కాసేపు ఆవిడ మాట వినిపించే వైపు చూపు నిలపండి. చోదకం మళ్ళీ గీస్తుంది. ఇంతకన్నా మందు లేదు."

"అది వర్కరౌండ్, తాత్కాలిక సర్దుబాటు కదండీ," అన్నాడు భీమేశ్వర్. "నేనడిగింది ఫిక్స్."

అక్కడే కూర్చుని భీమేశ్వర్ తనే కోడ్ రాసేశాడు. మాయమైన వస్తువు కదిలితే దాని చుట్టూ పసుపు గీత కనిపిస్తుంది, అంతే. వాకిలిలో పెట్టాడో లేదో మెచ్చుకోళ్ళు వచ్చిపడ్డాయి. ఊరూరా ఎంతమంది మగమహారాజులు దీనికోసం కాచుకుని ఉన్నారో ఖర్మ.

"ఇక గుద్దుకోనులే," అన్నాడు గీతతో.

"అయితే ఆ గీతతోనే వండించుకో," అని హైమ చెప్పులేసుకుని వెళ్ళిపోయింది. భీమేశ్వర్ సెట్టింగుల్లో గీత మందం సరిచేసుకుంటున్నాడు.

ఇలాంటి వెధవలకు పెళ్ళిళ్ళెందుకని దారి పొడవునా తిట్టుకుంటూ తారకేష్ మధ్యాహ్నం భోజనానికి ఇల్లు చేరాడు. చొక్కా విప్పుతూ భార్యను కేకేశాడు.

"వకుళా, ఇవాళ ఒక మనిషిని చూశాను. వాడికి కట్టుకున్న పెళ్ళాం కనిపించదుట."

వంటింట్లోంచి అన్నం కంచం గాల్లో తేలుతూ వచ్చింది. దాని వెనక, మనిషి ఎత్తున, పసుపు గీత.

"చెప్పండి, వింటున్నాను," అంది గీత.